నువ్వుగింజంత ఉక్కుముక్క

విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో ఆమెను అందరూ ‘కాలేజీ’ అనేవారు. ఆ పేరు పెట్టింది పెయింటరు. నాలుగేళ్ళ కిందట, మొదటి రోజున, ఆమె చంకలో మూడు లావుపాటి పుస్తకాలు చూసి, కాలేజీ మొత్తం మోసుకొచ్చేసిందిరా ఈ పిల్ల అన్నాడట. అంతే, అసలు పేరు హాజరుపట్టీకే పరిమితమైపోయింది. మొదట్లో ఒళ్ళు మండేది. నాలుగో ఏడు వచ్చేసరికి, ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని పక్కకు తప్పుకునేది.

విమాన నిర్వహణ ఇంజనీరింగు చదువుతున్నానని చెప్పగానే ఎదుటివాళ్ళు ఠక్కున ఒక ప్రశ్న వేస్తారు, పైలట్టువా అని. కాదంటే ఎయిర్‌హోస్టెస్‌వా అంటారు. అదీ కాదనేసరికి వాళ్ళ మొహంలో ఉత్సాహం చప్పబడిపోతుంది. ఓహో, మెకానిక్కన్నమాట అని వాళ్ళే తేల్చేస్తారు. మెకానిక్కే, కాదనడానికేముంది? కాకపోతే ఈ మెకానిక్కు చేసిన పని ముప్పై వేల అడుగుల ఎత్తున చెడిందంటే, రోడ్డు పక్కకు ఆపుకుని మూత ఎత్తి చూసుకునే వీలుండదు.

పొద్దున క్లాసులు, మధ్యాహ్నం షెడ్డు. ఆఖరి ఏడాదిలో క్లాసులు తగ్గి, రోజంతా షెడ్డే. లోహాల పేర్లు, నట్టు ఎంత బిగువుగా బిగించాలో చెప్పే అంకెలు, ఏ తీగ ఏ కప్పీ మీదుగా తోకదాకా పోతుందో చూపే బొమ్మలు, ఇవన్నీ ఒక ఎత్తు. పనుల పుస్తకం ఒక్కటీ ఒక ఎత్తు. అందులో నూట ఇరవై పేజీలు, పేజీకో పని. ప్రతి పనీ విద్యార్థి తన చేత్తో చెయ్యాలి, పక్కనుండి చూసిన ఇన్‌స్పెక్టరు ముద్ర వెయ్యాలి. నూట ఇరవై ముద్రలూ పడితేనే డిగ్రీ ఆఖరి పరీక్షకు కూర్చోనిస్తారు. డిగ్రీ వస్తే లైసెన్సు పరీక్ష. అదీ గట్టెక్కితే సొంత ముద్ర. ఆ ముద్ర పడితే విమానం ఎగురుతుంది, పడకపోతే ఎంత పెద్ద విమానమైనా నేలమీదే కూర్చుంటుంది.

ఈ చదువు మీద ఆమెకంటే వాళ్ళ నాన్నకు మోజెక్కువ. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టులు ఆయన చేతిమీదే నడుస్తాయి. లిఫ్టు ఎక్కినవాళ్ళు దిగేదాకా ఎక్కడికీ పోలేరు కనక, మా అమ్మాయి విమానాల ఇంజనీరు అన్న సంగతి వాళ్ళందరికీ ఒకటో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ మధ్య వినిపించి వదిలేవాడు. ఇంకా కాలేదు నాన్నా అంటే, అవుతావుగా, ముందే చెప్తే ఏం పోయింది అనేవాడు. ఏం పోతుందో ఆయనకేం తెలుసు! ప్రతి పరీక్షకు ముందూ ఆ ఆరంతస్తుల జనమంతా వచ్చి గుండెల మీద కూర్చున్నట్టుండేది ఆమెకు.

ఆమెకు విమానాల పిచ్చి పట్టించింది మాత్రం బాబాయి. నాన్నకు సొంత తమ్ముడు, పై వాటాలోనే కాపురం. అదే షెడ్డులో ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్నాడు, ముద్ర ఉన్నవాడు. ఆయన చెయ్యి పడితే మళ్ళీ చూడక్కర్లేదని పెద్దపెద్ద ఇంజనీర్లే అనేవారు. ఇద్దరూ రోజూ ఒకే స్కూటరు మీద వెళ్ళి ఒకే స్కూటరు మీద వచ్చేవారు. దారిపొడుగునా ఆయన ప్రశ్నలడిగేవాడు, వెనక కూర్చున్న ఆమె ఆయన చెవిలో జవాబులు అరిచేది.

ఆ రోజు నూట ఇరవయ్యో పని. పుస్తకం మర్నాడు సాయంత్రం అయిదింటికల్లా కాలేజీలో అప్పగించాలి. అప్పగించకపోతే మళ్ళీ ఏడాదిదాకా పరీక్ష లేదు. ఆలోగా ఈ తోక పని ఇంకో విమానం మీద దొరకదు. పని కూడా పెద్ద కష్టమైనదేం కాదు. తోక కింద ఒక మూత, దానికి ముప్పై ఎనిమిది స్క్రూలు. మూత విప్పి, లోపల తోకను ఆడించే ఉక్కుతీగల బిగువు కొలిచి, కప్పీలకు గ్రీజు పెట్టి, మళ్ళీ మూసెయ్యాలి. నాలుగింటికి ఆ విమానం జనాన్ని ఎక్కించుకుని పోవాలి.

ముద్ర వెయ్యవలసింది చీఫ్ ఇన్‌స్పెక్టరు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది కనక ఆయన పేరూ అదే. ఎదురుగా అయితే సారు, వెనకాల భూతద్దం. నవ్వడు, అరవడు. తప్పు కనిపిస్తే దాని దగ్గర నిలబడతాడు, అంతే. ఆయన అలా నిలబడడం కంటే నాలుగు తిట్టిపోతే నయమని అందరూ అనుకునేవారు.

రెండూ పదికి మూత బిగించడం పూర్తయింది. గీత గీసినట్టు కుదిరింది. పొద్దుట్నుంచి ఒక్క మాట కూడా అనని భూతద్దం, పనిముట్లు సర్దేసి పుస్తకం పట్టుకుని నా గదికి రా అని వెళ్ళిపోయాడు. ఆ మాటకు ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాలుగేళ్ళ చదువు, ఇంకో పది నిమిషాలు. తను వాడిన ఏడో నంబరు పనిముట్ల పెట్టె ముందు గొంతుక్కూర్చుని పనిముట్లు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి వాటి వాటి గుంతల్లో పెట్టసాగింది. స్క్రూడ్రైవరుకు తగిలించే బిట్టును తుడుస్తుంటే గుడ్డలో దారం ఒకటి దాని కొనకు పట్టుకుని లాగింది.

బిట్టు కొనకు నాలుగు రెక్కలుంటాయి. ఒక రెక్క చివర లేదు. నువ్వుగింజంత ముక్క విరిగిపోయింది.

ఆమె బిట్టును వెలుతురులో పెట్టి తిప్పి చూసింది. విరిగిన ముక్క గాలిలో కలిసిపోదు కదా, ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ బిట్టుతో పొద్దుట్నుంచి విప్పిందీ బిగించిందీ తోక కింది మూత ఒక్కటే. ఆ మూత లోపల ఉన్నవి విమానం ముక్కు పైకెత్తే తీగలు. కప్పీకీ తీగకూ మధ్య నువ్వుగింజంత ఉక్కుముక్క ఇరుక్కుందంటే ఏమవుతుందో రెండో ఏడాది పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. ఆ ప్రశ్నకు ఆమెకు పదికి పది వచ్చాయి.

అయితే ఆమె భయం ఆ ముక్క గురించి ఒక్కటే కాదు. ప్రతి పెట్టెకూ ఒక కాగితం ఉంటుంది. పెట్టె తీసుకునేటప్పుడూ తిరిగి అప్పగించేటప్పుడూ పనిముట్లన్నీ ఉన్నాయా, అన్నీ నిక్షేపంగా ఉన్నాయా అని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి సంతకం పెట్టాలి. ఎవరూ అలా చూడరు. పెట్టెలో మెత్తటి స్పాంజి ఉంటుంది, అందులో ఒక్కో పనిముట్టుకూ దాని ఆకారంలోనే ఒక గుంత. మూత తియ్యగానే ఖాళీ గుంత ఏదైనా కళ్ళబడుతుందేమో చూడడం, లేదనుకుంటే సంతకం గీకెయ్యడం, ఇదీ షెడ్డు వాడుక. ఆమె పొద్దున చేసిందీ అదే. గుంత నిండి ఉంది, కొన ఎలా ఉందో చూడలేదు. అంటే ముక్క ఇవాళే విరిగిందో, అంతకుముందే విరిగి ఉందో ఆ దేవుడికే తెలియాలి. తనకు తెలిసినట్టు సంతకం మాత్రం ఉంది.

బాబాయి ఆ విమానానికే ముందు తలుపు దగ్గర పని చూస్తున్నాడు. వెళ్ళి అరచేతిలో బిట్టు చూపించింది. ఆయన చూశాడు, చుట్టూ ఒకసారి చూశాడు, దాన్ని ఆమె గుప్పిట్లోనే మూసేశాడు.

“పాతదయ్యుంటుందిరా. స్టోరుకెళ్ళి, అరిగిపోయిందని రాసి కొత్తది తీసుకో. వారానికి నాలుగు మారుస్తూనే ఉంటాం. ముందు వెళ్ళి ముద్ర వేయించుకో.”

అరిగింది కాదు బాబాయ్, విరిగింది అనబోయింది. ఆయన అప్పటికే తలుపు వైపు తిరిగిపోయాడు. స్టోరు కిటికీ పది అడుగుల దూరంలో ఉంది. అక్కడ కూర్చునే ముసలాయన అరిగిన బిట్టు పుచ్చుకుని కొత్తది ఇస్తాడు, ఎందుకని అడగను కూడా అడగడు. కిటికీ పక్క మెట్లెక్కితే భూతద్దం గది. ఆమె మెట్ల కింద నిలబడింది. అబద్ధం ఎంత చిన్నదో ఆమెకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. ఒక్క మాట, అదీ కాగితం మీద. ఆ ఒక్క మాటకు బదులుగా నాన్న, ఆరంతస్తుల జనం, నాలుగేళ్ళు. రాసెయ్యాలనే అనిపించింది, గట్టిగానే అనిపించింది. విమానాన్ని లాగే ట్రాక్టరు అప్పుడే బయట నుంచి వెనక్కి వస్తూ ముక్కు చక్రం దగ్గరకు చేరింది. డ్రైవరు దిగి కొక్కెం తగిలించడం మొదలుపెట్టాడు. అది చూశాక ఇంక ఆమె కాళ్ళు ఆగలేదు, మెట్లెక్కేశాయి.

భూతద్దం బిట్టు చూశాడు. అద్దం తీసి మళ్ళీ చూశాడు. పుస్తకం కోసం చెయ్యి చాపలేదు. ఫోను తీసి ట్రాక్టరు ఆపమన్నాడు.

ముప్పై ఎనిమిది స్క్రూలూ మళ్ళీ ఊడాయి. టార్చీలు, పిడికి తగిలించిన అద్దాలు, అయస్కాంతం కట్టిన పుల్లలు, దుమ్ము లాగే యంత్రం, అన్నీ వచ్చాయి. గంటసేపు నలుగురు మనుషులు ఆ రంధ్రం చుట్టూ మూగి వెతికారు. ఆమె పొట్టమీద పాక్కుంటూ లోపలికి దూరి, పొద్దున తనే పెట్టిన గ్రీజును వేలితో తీసి తెల్లగుడ్డ మీద పరిచి చూసింది. ఏమీ లేదు. మూడున్నర అయింది. ప్రయాణికులను గేటు దగ్గర కూర్చోబెట్టారని కబురు వచ్చింది. విమానాల వేళలు చూసే మేనేజరు రెండుసార్లు ఫోను చేసి మూడోసారి మనిషే దిగాడు. ఇంతకీ ముక్క ఇందులో ఉన్నట్టా లేనట్టా అని ఒంటికాలి మీద లేచాడు.

భూతద్దం ఆయన్ని పట్టించుకోకుండా ఆమె వైపు తిరిగాడు.

“పొద్దున నువ్వు పెట్టె తీసుకున్నప్పుడు ఈ బిట్టు బాగుందా?”

పనివాళ్ళందరూ చేతులాపి చూస్తున్నారు. మేనేజరు కళ్ళతోనే బతిమాలుతున్నాడు. పొద్దునే విరిగి ఉంది సార్, చెప్పడం మరిచాను అంటే చాలు. ఈ విమానం కదిలిపోతుంది, ఆమెకు ఒక చీవాటు పడుతుంది, బహుశా ముద్రా పడుతుంది. అది నిజమే అయినా అయ్యుండొచ్చు కూడా.

“తెలియదు సార్.”

“సంతకం పెట్టావు.”

“పెట్టాను. చూడకుండా పెట్టాను.”

ఆ మాట అంటుంటే సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. మేనేజరు తల పట్టుకున్నాడు. భూతద్దం మొహంలో ఏ మార్పూ లేదు. ఏడో పెట్టె కాగితాలు తెప్పించి ముందురోజు సంతకం ఎవరిదని చూశాడు. చూడగానే బాబాయిని పిలిపించాడు. నిన్న సాయంత్రం ఇదే పెట్టెతో వేరే విమానం మీద పని చేసి, పెట్టె తిరిగి అప్పగించింది ఆయనే.

నిన్న ఈ బిట్టు చూశావా అని అడిగితే బాబాయి తడుముకోకుండా చెప్పాడు, చూశానని, నిక్షేపంగా ఉందని. ఇరవయ్యారేళ్ళ మనిషి మాట. భూతద్దం తలూపాడు. అయితే విరిగింది ఇవాళే, ముక్క ఉంటే ఈ విమానంలోనే ఉండాలి, తోక లోపలి నేల కూడా విప్పండి అన్నాడు. ప్రయాణికులకు వేరే విమానం చూసుకోమని మేనేజరుకు చెప్పాడు.

ఆమె మాత్రం బాబాయి మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. పెట్టె మూత తియ్యడం, ఖాళీ గుంత ఉందేమో చూడడం, సంతకం గీకడం, ఇదంతా ఆమెకు నేర్పిందెవరు? ఈయనే. ఒక్కొక్కటీ తీసి చూస్తూ కూర్చుంటే ఇక పనెప్పుడు చేస్తావే అని మొదటి ఏడాదిలో నవ్వింది ఈయనే. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన బిట్టు కొన చూడగా ఆమె చూడలేదు. నిన్న మాత్రం చూశాడా?

మళ్ళీ తోకలోకి దూరింది. లోపల వేడి, నూనె కంపు, మోచేతులు కదలనంత ఇరుకు. నేల పలకలు ఒక్కొక్కటీ విప్పుతుంటే చెమట కళ్ళలోకి కారుతోంది. చేతులు ఇక్కడ వెతుకుతున్నాయి గానీ మనసు ఇక్కడ లేదు. నిన్న బాబాయి పని చేసిన విమానం ఇవాళ మధ్యాహ్నం వెళ్ళింది. దానికీ తోక ఉంది, దానికీ ఇవే తీగలు. బాబాయి చెప్పింది అబద్ధమైతే తామంతా చేస్తున్నది దొంగ వెతుకులాట. ఈ సంగతి షెడ్డు మొత్తం మీద తెలిసింది ఇద్దరికే. చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని రన్‌వే గోడ మీంచి విమానాలు చూపించిన మనిషి ఆయన. చెపితే ఆయన ముద్ర పోతుంది, పరువు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో అనుకోవడానికే భయమేసి, చేతిలో స్క్రూ కింద పడేసుకుంది. పొట్టమీదే వెనక్కి పాక్కుంటూ బయటికి వచ్చేసింది.

బాబాయి చేతులు కడుక్కునే చోట ఉన్నాడు. కుళాయి ధారగా పోతోంది, ఆయన చేతులు మాత్రం పక్కన ఉన్నాయి. ఆమె వెళ్ళి కుళాయి కట్టేసింది.

“నిన్న చూశావా బాబాయ్?”

ఆయన తడి లేని చేతులను చొక్కాకు తుడుచుకున్నాడు.

“చూడలేదని నాకు తెలుసు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.”

ఆయన మొహంలో కోపం రావాలని ఆమె అనుకుంది. కోపం వస్తే తేలిగ్గా ఉండేది. రాలేదు. ఆయన గోడకు చేరగిలబడ్డాడు. నిన్న సాయంత్రం ఆ విమానం తోక లోపల ఆఖరి స్క్రూ బిగిస్తుంటే బిట్టు ఒకసారి చటుక్కున జారిందట. చేతికి తెలిసిందట. స్క్రూ నలిగిందేమో అని స్క్రూ కేసి చూశాడు గానీ బిట్టు కేసి చూడలేదు. ఇవాళ ఆమె అరచేతిలో చూడగానే అది గుర్తొచ్చింది. గుర్తొచ్చినకొద్దీ కాదులే, కాదులే అని తనకు తనే చెప్పుకుంటూ వచ్చాడు.

“ఆ విమానం ఇప్పుడెక్కడుంది?” అంది ఆమె.

“గాల్లో. తిరుగు ప్రయాణంలో ఉంది.”

చెప్పి ఆయనే ముందు నడిచాడు. ఆమెకు అందనంత వేగంగా మెట్లెక్కి, తలుపు కూడా తట్టకుండా భూతద్దం గదిలోకి వెళ్ళి అంతా చెప్పాడు. నీళ్ళు నమలలేదు, సాకులు చెప్పలేదు. చూశానన్నది అబద్ధం, జారింది నిజం, విరిగిందో లేదో తెలియదు అన్నాడు. గడియారం అయిదు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది. భూతద్దం అప్పుడు మొట్టమొదటిసారి కుర్చీలోంచి గబుక్కున లేచాడు. ఫోను అందుకున్నాడు.

దారిలో ఎక్కడైనా దింపెయ్యొచ్చా అని కంట్రోలు రూమును అడిగారు. దింపాలంటే అన్నిటికంటే దగ్గర మన రన్‌వేనే, ఇంకో నలభై నిమిషాలు పడుతుందన్నారు. పైలట్లకు సంగతి చేరవేశారు. తీగలు ప్రస్తుతానికి బాగానే ఆడుతున్నాయి, మెల్లగా దింపుతామని వాళ్ళు జవాబు పంపారు. విమానంలో మనుషులెందరని భూతద్దం అడిగి కాగితం మీద రాసుకున్నాడు. నూట యాభై ఎనిమిది.

ఆ నలభై నిమిషాలు షెడ్డులో ఎవరూ పని చెయ్యలేదు. ఎవరూ కూర్చోనూ లేదు. పెద్ద తలుపులు బార్లా తీసి అందరూ గుమ్మంలో నిలబడ్డారు. రోజంతా ఎవరో ఒకరిని ఏడిపించనిదే పొద్దుపోని పెయింటరు కూడా నోరు కుట్టేసుకున్నాడు. బాబాయి కొంచెం ఎడంగా ఒక్కడే నిలబడ్డాడు, ఎవరూ ఆయన పక్కకు పోలేదు. ఆమె వెళ్ళి నిలబడింది. కోపం ఉంది, జాలి ఉంది, రెండిటినీ మించి భయం ఉంది. ఏమైనా జరిగితే ఆ మెట్ల కింద నిలబడిన ఆ కాస్తసేపూ, తోకలో నోరు మూసుకుని వెతికిన ఆ గంటా తన లెక్కలోకే వస్తాయి. రేపటి పుస్తకం గురించి ఆమెకు ఆ నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అయిదున్నర దాటాక చుక్కలా కనిపించింది. రోజూ చూసేదే, చుక్క పెద్దదవడం, రెక్కలు రావడం, చక్రాలు దిగడం. ఆ రోజు ఎంతకీ పెద్దదవలేదు. రన్‌వేకు కాస్త ముందు ముక్కు పైకెత్తాలి. ఎత్తేది ఆ తీగలే. ఆమె బాబాయి చొక్కా చెయ్యి పట్టుకుంది. ముక్కు లేచింది. చక్రాల దగ్గర పొగ లేచింది. విమానం నేలమీద పరుగెడుతూ నెమ్మదించి, మామూలు విమానంలా పక్కదారికి తిరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జనం దిగారు, సామాన్లు తీసుకున్నారు, ఆలస్యంగా దిగినందుకు విసుక్కున్నారు. విమానాన్ని షెడ్డులోకి లాక్కొచ్చి తోక కింద మూత విప్పారు. ఏడు కావస్తుండగా అది దొరికింది. కప్పీ చుట్టూ ఉన్న గ్రీజులో, తీగకు వేలెడు దూరంలో ఉంది. గ్రీజు పట్టి ఉంచింది కనక సరిపోయింది. భూతద్దం దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, విరిగిన బిట్టు కొనను దాని పక్కకు జరిపి అద్దంలోంచి చూశాడు. అతికినట్టు సరిపోయింది. పక్కకు జరిగి, ఆమెను కూడా చూడమన్నాడు.

తర్వాత ఇద్దరినీ గదిలో నిలబెట్టాడు. బాబాయిని ముద్ర బల్లమీద పెట్టమన్నాడు. ఇరవయ్యారేళ్ళ ముద్ర, పిడి అరిగి నున్నగా అయిపోయింది. బాబాయి పెట్టేశాడు. విచారణ అయ్యేదాకా ఆయన షెడ్డులో పనిముట్టు ముట్టుకోకూడదు. ఆ తర్వాత ఏమవుతుందో తన చేతిలో లేదని భూతద్దం చెప్పాడు. ఆ పైన ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పకపోతే ఆ విమానం రేపు మళ్ళీ ఎగిరేది. అది నాకు తెలుసు. కానీ ఇవాళ్టి పని చూడని సంతకంతో మొదలైంది. దానికి నేను ముద్ర వెయ్యలేనమ్మా.”

సరే సార్ అంది. ఇంకేమైనా అంటే ఏడుపు వచ్చేస్తుంది. పుస్తకం చంకన పెట్టుకుని మెట్లు దిగింది. పెయింటరు ఎదురొచ్చి, ఏదో అనబోయి మానుకుని, దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాడు.

స్కూటరు మీద బాబాయి ప్రశ్నలడగలేదు, ఆమె జవాబులు అరవలేదు. సందు మలుపు తిరుగుతుండగా ఆయన, నువ్వు నోరు విప్పకపోతే నేనూ విప్పేవాణ్ణి కాదేమోనే అన్నాడు. స్టోరు కిటికీ దగ్గర నేనూ రాసేద్దామనే అనుకున్నాను బాబాయ్ అంది ఆమె. ఆయన వీపు ఒక్కసారి కదిలింది. ఏడుస్తున్నాడో, నిట్టూర్చాడో వెనక కూర్చున్న ఆమెకు తెలియలేదు.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఆ రోజు ముద్ర పడుతుందని ఎన్ని లిఫ్టుల్లో చెప్పాడో, స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని మరీ నిలబడ్డాడు. ఆయన వెనక అమ్మ. స్కూటరు ఆగీ ఆగకముందే, అయిందా అన్నాడు నాన్న.

బాబాయి స్కూటరుకు స్టాండు వేసి అన్నగారి ముందుకు వచ్చి నిలబడ్డాడు. విరిగిన బిట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి ముద్ర బల్లమీద పెట్టేదాకా, తను చెప్పిన అబద్ధంతో సహా, నాలుగు మాటల్లో చెప్పేశాడు.

“ఇద్దరం ఫెయిలయ్యాం అన్నయ్యా. దీనికంటే ముందు నేను.”

నాన్న జీవితమంతా జనాన్ని ఒక తాడు మీద వేలాడదీసి పైకీ కిందికీ తిప్పిన మనిషి. ఆయన మొహంలో రంగులు మారడం చూడలేక ఆమె తల దించేసుకుంది. ఏడాది పోయింది నాన్నా అని చెప్పడానికి మాటలు కూడబలుక్కుంటోంది.

“ఆ విమానం దిగింది కదా?” అన్నాడు నాన్న.

“దిగింది.”

“అందరూ దిగారా?”

“నూట యాభై ఎనిమిది మందీ,” అంది ఆమె, అంతవరకూ ఆపుకున్న ఏడుపు ఆ అంకెతో పాటే బయటికి వచ్చేస్తుంటే.

నాన్న ఆమె చంకలోంచి పుస్తకం తీసుకున్నాడు. రెండో చేత్తో తమ్ముడి భుజం పట్టుకున్నాడు.

“అయితే లోపలికి రండి.”